రకం మారితే వాక్యం మారాలి

‘నౌన్లు ఎన్ని రకాలు, వెర్బులు ఎన్ని రకాలు అన్నది ముందు కంఠతా పట్టిస్తే చాలు, ఇంగ్లీషుకు పునాది పడ్డట్టే.’ పిల్లల చదువు గురించి మాట్లాడే ప్రతిచోటా వినబడే మాట ఇది. పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఎంత గట్టిగా చెబుతారో, గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ అంతే గట్టిగా చెబుతారు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక ఈ నమ్మకం పల్లె బడిదాకా చేరింది. నౌన్ అంటే మనిషి, చోటు, వస్తువు పేరు. వెర్బ్ అంటే పని. నౌన్లలో ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, అబ్‌స్ట్రాక్ట్ అని అయిదు రకాలు. వెర్బుల్లో మెయిన్, హెల్పింగ్, ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్. ఇవి తడుముకోకుండా అప్పజెబితే పిల్లవాడికి గ్రామర్ వచ్చినట్టే లెక్క.

ఈ వాదన వెనక బలమైన కారణాలే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మాత్రమే ఇంగ్లీషు ఉన్న పిల్లలకు ఆ భాష వినికిడి వల్ల దానంతటది అబ్బదు, సూత్రం చెప్పాలి అన్నది మొదటిది. తప్పును తప్పని చూపించాలంటే దానికో పేరుండాలి అన్నది రెండోది. వల్లెవేయడం మన చదువులో అనాదిగా ఉన్న పద్ధతే అన్నది మూడోది. మూడింటిలోనూ నిజం ఉంది. అయినా ఇవన్నీ సమర్థిస్తున్నది వ్యాకరణాన్ని. ఆ పేరుతో బడుల్లో జరుగుతున్నది జాబితాల అప్పగింత. వ్యాకరణం అక్కర్లేదన్నది ఇక్కడి వాదన కాదు. వ్యాకరణంలో ఏ వర్గీకరణకైనా ఒకటే కొలత ఉంది: రకం మారితే వాక్యంలో ఏదో ఒకటి మారాలి. మారకపోతే ఆ రకం పేరు పిల్లవాడి బుర్రకు బరువే తప్ప భాషకు ఆసరా కాదు.

ఈ కొలత పరాయిది కాదు. తెలుగు వ్యాకరణం నామాలను మహత్తు, అమహత్తు అని ఎందుకు విడదీసింది? ‘రాముడు వచ్చాడు’ అంటాం, ‘బస్సు వచ్చింది’ అంటాం. నామం రకం మారగానే క్రియ చివర మారింది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమైనా, అంతకు రెండువేల ఏళ్ల పైచిలుకు ముందు పాణిని చేసిన సంస్కృత వ్యాకరణమైనా మాటను దాని ప్రత్యయాన్ని బట్టి, అది వాక్యంలో చేసే పనిని బట్టి పట్టుకున్నాయి. ఆ సంప్రదాయం మన చేతిలో ఉండగా, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అర్థాన్ని పట్టుకుని వేలాడుతున్నాం.

1. నిర్వచనం మొదటి పరీక్షకే నిలవదు

పేరును చెప్పేది నౌన్, పనిని చెప్పేది వెర్బ్ అన్న రెండు నిర్వచనాల మధ్య ‘అరైవల్’ అనే మాటను పెట్టి చూడండి. రావడం పనే. ‘జర్నీ’, ‘ఎగ్జామినేషన్’, ‘ఎక్స్‌ప్లోజన్’ కూడా పనులో సంఘటనలో. నిర్వచనం ప్రకారం వెర్బులు కావాలి, కానీ నౌన్లు. ఇటుపక్క ‘బిలాంగ్’, ‘కాస్ట్’, ‘సీమ్’, ‘రిసెంబుల్’ తీసుకోండి. ఎవరూ ఏ పనీ చేయడం లేదు, అయినా ఇవన్నీ వెర్బులే. ‘బుక్’ నౌన్ అని నేర్చుకున్న పిల్లవాడికి ‘బుక్ ఎ టికెట్’ ఎదురవుతుంది. ‘వాటర్’ నౌన్ అని నేర్చుకున్నవాడికి ‘వాటర్ ద ప్లాంట్స్’ ఎదురవుతుంది. ఇవి ఏరుకొచ్చిన మినహాయింపులు కావు, రోజువారీ ఇంగ్లీషు.

మరి ‘అరైవల్’ నౌన్ అని టీచరుకెలా తెలిసింది? దాని ముందు ‘ది’ గానీ ‘హిజ్’ గానీ వస్తుంది, వాక్యానికి అది కర్త కాగలదు, చివర బహువచనం గుర్తు చేరగలదు. టీచరు రూపాన్నీ స్థానాన్నీ చూసి గుర్తుపట్టి, పిల్లవాడికి మాత్రం అర్థాన్ని చూసి గుర్తుపట్టమని చెబుతున్నారు. ఇది ఈ పద్ధతిలోని అసలు లోపం. ముందే తెలిసినవాడికి తప్ప ఆ నిర్వచనం ఎవరికీ జవాబు ఇవ్వదు. అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రీజ్ 1952లో అచ్చువేసిన తన గ్రంథంలో, రికార్డు చేసిన ఫోను సంభాషణల ఆధారంగా, వాక్యంలో ఖాళీ వదిలి ఆ ఖాళీలో ఏ మాట ఇముడుతుందో చూసి వర్గాలు కట్టారు. పిల్లలకు కావలసింది అలాంటి పరీక్షే. ‘ద ——— వాజ్ లేట్’ అన్న ఖాళీలో ఏది కూర్చుంటుందో చూడమంటే మూడో తరగతి పిల్లకైనా ‘అరైవల్’ నౌనని తెలుస్తుంది.

2. అయిదు రకాల జాబితాకు గట్టి ఆధారం లేదు

నౌన్లు అయిదు రకాలని చెప్పేవాళ్లు దాన్ని ప్రకృతి సూత్రంలా చెబుతారు. బ్రిటిష్ కాలంలో మన బడుల్లో పాతుకుపోయిన నెస్‌ఫీల్డ్ గ్రామర్‌లో అయిదు రకాలున్నాయి. 1935లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్‌లో నాలుగే ఉన్నాయి. మెటీరియల్ నౌనుకు విడిగా చోటు లేదు. పైగా కలెక్టివ్, అబ్‌స్ట్రాక్ట్ నౌన్లు కూడా కామన్ నౌన్లలోకే వస్తాయని ఆ పుస్తకమే చెబుతుంది. ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన కూర్పుల్లో లెక్కపెట్టగలిగినవి, లెక్కపెట్టలేనివి అన్న మరో వర్గీకరణ కూడా ఉంది. ప్రామాణికమని మనం కళ్లకద్దుకునే పుస్తకాలే ఒక మాట మీద లేనప్పుడు, ‘ఎన్ని రకాలు?’ అన్న ప్రశ్నకు ఒక అంకె చెప్పనందుకు పిల్లవాడి మార్కులు కోయడం ఏ న్యాయం?

కొలత పెట్టి చూద్దాం. అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే కంటికి కనబడనిది, చేతికి తగలనిది అంటారు. ‘ఐడియా’, ‘ఆనెస్టీ’ రెండూ అలాంటివే. కానీ ‘యాన్ ఐడియా’ అనొచ్చు, ‘ఐడియాస్’ అనొచ్చు; ‘ఆనెస్టీ’కి ఆ రెండూ కుదరవు. ఒకే రకమని పేరు పెట్టిన రెండు మాటలు వాక్యంలో రెండు దారులు పట్టాయి. మెటీరియల్ నౌన్ సంగతీ అంతే. ‘ఐరన్’ లోహమైతే ముందు ‘యాన్’ రాదు, ఇస్త్రీపెట్టె అయితే వస్తుంది. ‘గ్లాస్’ గాజు అయితే ఒక తీరు, తాగే గ్లాసు అయితే మరో తీరు. అబ్‌స్ట్రాక్ట్ అన్న విభాగంలో పనికొచ్చే భాగం ఒకటుంది: ‘కైండ్’ నుంచి ‘కైండ్‌నెస్’, ‘చైల్డ్’ నుంచి ‘చైల్డ్‌హుడ్’ పుట్టించే తీరు. మనం మంచికి తనం చేర్చి మంచితనం అన్నట్టే. అది నేర్పాల్సిందే. కానీ అది మాటలు పుట్టించే విద్య. చూడలేం, తాకలేం అన్న నిర్వచనంతో దానికి పనిలేదు.

3. వాక్యాన్ని మార్చే రకాన్ని వెనక్కి నెట్టారు

ఇంగ్లీషు నౌన్లలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసే విభజన లెక్కపెట్టగలిగినవి, లెక్కపెట్టలేనివి అన్నది. ‘ఎ’ రావాలా వద్దా, ‘మెనీ’ అనాలా ‘మచ్’ అనాలా, ‘ఫ్యూ’నా ‘లిటిల్’నా, క్రియ ‘ఈజ్’ కావాలా ‘ఆర్’ కావాలా అన్నది చాలావరకు ఈ విభజన మీదే నడుస్తుంది. అయిదు రకాల జాబితా దీన్ని చివరి పేజీకి నెట్టింది.

జనక్‌పురిలోని తెలుగింట్లో పొద్దున కుళాయి తిప్పగానే ‘నీళ్లు వచ్చాయి’ అంటారు. పక్కింటివాళ్లు ‘పానీ ఆ గయా’ అంటారు. తెలుగులో నీళ్లు బహువచనం, హిందీలో పానీ ఏకవచనం, ఇంగ్లీషులో ‘వాటర్’ లెక్కపెట్టలేనిది కాబట్టి ‘ద వాటర్ హ్యాజ్ కమ్’. పొయ్యి మీద ‘పాలు పొంగాయి’. హిందీలో దూధ్ ఏకవచనమే, ఇంగ్లీషులో ‘ద మిల్క్ హ్యాజ్ బాయిల్డ్ ఓవర్’. ఊరి నుంచి చుట్టాలు దిగితే ‘సామాన్లు వచ్చాయి’, ‘సామాన్ ఆ గయా’, ‘ద లగేజ్ హ్యాజ్ అరైవ్డ్’. తెలుగు పిల్లలు ‘లగేజెస్’, ‘ఫర్నిచర్స్’, ‘అడ్వైజెస్’ అని ఎందుకు రాస్తారో ఇక్కడే తేటతెల్లమవుతోంది. సామాన్లు, సలహాలు మనకు లెక్కపెట్టే వస్తువులు. ‘మిల్క్ మెటీరియల్ నౌన్’ అని వందసార్లు అప్పజెప్పినా ఈ తప్పు పోదు, ఎందుకంటే ఆ నిర్వచనం పాలు ఒక పదార్థమని చెబుతుంది తప్ప వాక్యం ఎలా తయారవుతుందో చెప్పదు. ‘మనకు పాలు పొంగాయి, ఇంగ్లీషులో పొంగింది’ అని పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్క పాఠంలో తేలుతుంది.

కలెక్టివ్ నౌన్ కూడా ఇలాగే. గుంపు పేరు అన్నంత మాత్రాన క్రియ సంగతి తేలదు. ‘జట్టు గెలిచింది’ అంటాం, ‘జనం వచ్చారు’ అంటాం. రెండూ గుంపులే, రెండూ చూడటానికి ఏకవచనాలే, క్రియలు మాత్రం వేరు. ఇంగ్లీషులో ‘టీమ్’కు మన బడుల్లో ఏకవచన క్రియ వాడతాం, ‘పొలీస్’కు బహువచన క్రియే వస్తుంది. జనం అన్న మాటను ఎలా వాడాలో తెలిసిన పిల్లకు ‘పొలీస్’ ఎలా వాడాలో చెప్పడం కష్టమేమీ కాదు.

ప్రాపర్ నౌన్ గురించి చెప్పేదల్లా పెద్ద అక్షరంతో మొదలుపెట్టమని. పిల్లలు తడబడేది అక్కడ కాదు, ‘ద’ దగ్గర. మెట్రోలో వచ్చే స్టేషను ప్రకటనలో ‘నెక్స్ట్ స్టేషన్’ ముందు ‘ద’ ఉంటుంది, ‘జనక్‌పురి వెస్ట్’ ముందు ఉండదు. ‘డెల్హీ’కి ‘ద’ లేదు, ‘యమునా’కు ఉంది. ‘రెడ్ ఫోర్ట్’కు ఉంది, ‘ఇండియా గేట్’కు లేదు. తెలుగులో గానీ హిందీలో గానీ ‘ద’ లాంటి మాట లేదు కనుక పిల్లవాడికి ఇంట్లో దొరికే ఆసరా ఇక్కడ శూన్యం. ఎక్కువ సేపు కేటాయించాల్సిన చోటు ఇది. నదులు, సముద్రాలు ఒకవైపు, ఊళ్లు, స్టేషన్లు ఒకవైపు పెట్టి అలవాటు చేయించాల్సిన చోట ఒక్క పెద్ద అక్షరంతో సరిపెడుతున్నారు.

4. వెర్బ్ అంటే పని అన్న మాట పిల్లల్ని పక్కదారి పట్టిస్తోంది

నౌన్ నిర్వచనం పనికిరాకుండా పోతే, వెర్బ్ నిర్వచనం హాని చేస్తోంది. ‘ఆయన డాక్టరు’ అన్నది తెలుగులో నిండు వాక్యం, అందులో క్రియ లేదు. ఇంగ్లీషులో ‘ఈజ్’ లేకుండా వాక్యం నిలవదు. వెర్బ్ అంటే పని అని నేర్చుకున్న తెలుగు పిల్లవాడు ఈ వాక్యంలో పని కోసం వెతుకుతాడు, ఏమీ కనబడదు, ‘హీ డాక్టర్’ అని రాస్తాడు. నిర్వచనాన్ని అక్షరాలా పాటించినందుకే తప్పు వచ్చింది. జనక్‌పురి పిల్లలకు ఇక్కడ హిందీ సాయం ఉంది: ‘వో డాక్టర్ హై’. ఆ ‘హై’ని చూపి ‘ఇంగ్లీషుకూ ఇలాంటిది కావాలి’ అంటే సరిపోతుంది.

పనిని సూచించే క్రియ, స్థితిని సూచించే క్రియ అన్న తేడా ఇంకా ముఖ్యం. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అన్నవి మన ఇంగ్లీషు మీద పడ్డ ముద్రలు. వెర్బులన్నీ పనులే అనుకున్నవాడు అన్నిటికీ ‘ఇంగ్’ తగిలించడంలో ఆశ్చర్యం లేదు. నిజానికి ఈ తేడా తెలుగు పిల్లలకు పుట్టుకతో తెలుసు. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’, ‘నాకు చాలు’ అంటాం. వీటిని ‘చేస్తున్నాను’ అన్నట్టు సాగదీయలేం. సాగదీయాలంటే క్రియ మారాలి: ‘తెలుసుకుంటున్నాను’. ఆ తెలుసుకీ తెలుసుకోవడానికీ ఉన్న దూరమే ‘నో’కీ ‘లెర్న్’కీ ఉంది. పిల్లవాడి దగ్గరున్న జ్ఞానాన్ని పిలవకుండా, దాన్ని చెరిపేసే నిర్వచనాన్ని వల్లెవేయిస్తున్నాం.

5. సకర్మకం, అకర్మకం మనకు కొత్త కాదు

ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్ అన్న విభజన మన కొలతకు నిలబడుతుంది. రకం మారితే వాక్యం మారుతుంది. కానీ దాన్ని నేర్పే తీరు చూడండి: ‘కర్త చేసే పని కర్మ మీదికి పోతే ట్రాన్సిటివ్.’ పని ఎక్కడికి ఎలా పోతుందో ఏ పిల్లకూ అంతుబట్టదు. తెలుగులో ఇది మాటలోనే వినబడుతుంది. బస్సు ఆగింది, డ్రైవరు బస్సు ఆపాడు. చక్రం తిరిగింది, చక్రం తిప్పాడు. మొక్క పెరిగింది, మొక్కను పెంచింది. ఆగు-ఆపు, తిరుగు-తిప్పు, పెరుగు-పెంచు, కాలు-కాల్చు: జతలు జతలుగా రెండేసి క్రియలున్నాయి. హిందీలోనూ ‘రుక్‌నా’, ‘రోక్‌నా’ ఉన్నాయి. ఇంగ్లీషులో ‘స్టాప్’, ‘టర్న్’, ‘గ్రో’, ‘బర్న్’ అన్న ఒక్కో మాటే రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగిన పిల్లకు ఒకే మాటలో దాగిన ఈ తేడా, మన పిల్లకు రెండు మాటల్లో విడివిడిగా కనబడుతుంది. ఈ సంగతి ఏ నోట్‌బుక్కులోనూ రాయించడం లేదు.

వాడుకలో తప్పు జరిగేది వేరేచోట. ‘దాని గురించి చర్చించారు’ అని తెలుగులో అంటాం కనుక ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాస్తాం. ‘పాట విన్నాను’ అంటాం కనుక ‘లిజన్డ్ ద సాంగ్’ అంటాం. ‘డిస్కస్’కు అబౌట్ అక్కర్లేదు, ‘లిజన్’కు ‘టు’ లేకుండా కుదరదు. రకం పేరు చెప్పమని అడిగే ప్రశ్నతో ఇది పట్టుబడదు. ఏ క్రియ కర్మను నేరుగా పట్టుకుంటుంది, ఏది మధ్యలో ఒక చిన్న మాటను అడుగుతుంది అన్నది క్రియతోపాటే నేర్పాలి.

6. హెల్పింగ్ వెర్బ్ అన్న పేరు ఏ సాయమూ చేయదు

‘డిడ్ నాట్ కేమ్’, ‘డిడ్ యూ వెంట్’ అన్న తప్పులు తరగతి తర్వాత తరగతి వెంట వస్తాయి. హెల్పింగ్ వెర్బుల జాబితా మొత్తం అప్పజెప్పగలిగినవాళ్లే ఈ తప్పు రాస్తారు, ఎందుకంటే ‘మెయిన్ వెర్బుకు సాయపడేది’ అన్న మాట అసలు విషయం చెప్పదు. కాలం గుర్తు ఒక్కచోటే పడాలి, అది ముందున్న క్రియ మోస్తే వెనకున్నది మోయకూడదు అన్నది విషయం.

దీనికి తెలుగులో ఉన్నంత చక్కని ఉదాహరణ మరోటి దొరకదు. ‘వచ్చాడు’కు వ్యతిరేకం ‘వచ్చాలేదు’ అనం, ‘రాలేదు’ అంటాం. ‘చూశాడు’కు ‘చూడలేదు’. ఈ రూపాల్లో రా, చూడ అన్న భాగాల మీద జరిగిపోయిన కాలం గుర్తు లేదు; జరగలేదన్న అర్థమంతా ‘లేదు’ మోస్తోంది. ‘డిడ్ నాట్ కమ్’ సరిగ్గా ఇదే: గడిచిన కాలాన్ని ‘డిడ్’ మోసింది, ‘కమ్’ ఉత్తగా ఉంది. హిందీలో ‘నహీ ఆయా’ అన్నప్పుడు క్రియ మీద కాలం గుర్తు అలాగే ఉంటుంది. ఆ దారిన పోతే ‘కేమ్’ దగ్గర తేలతాం. కాబట్టి ఇక్కడ తెలుగే దారి చూపాలి. ‘మనం వచ్చాలేదు అంటామా?’ అన్న ఒక్క ప్రశ్న అప్పజెప్పిన జాబితాలన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

7. అభ్యంతరాలకు సమాధానం

‘పరీక్షలో ఇవే అడుగుతారు కదా’ అన్నది మొదటి అభ్యంతరం. ఇటీవలి సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లీషు పాఠ్యప్రణాళికలో వ్యాకరణం కింద ఉన్నవి టెన్సులు, మోడల్స్, కర్తాక్రియల పొంతన, రిపోర్టెడ్ స్పీచ్, డిటర్మినర్లు. వీటికి 80 మార్కుల రాతపరీక్షలో 10 మార్కులు. అడిగేది ఖాళీలు నింపమని, తప్పులు దిద్దమని, వాక్యం మార్చమని. అబ్‌స్ట్రాక్ట్ నౌనును నిర్వచించమన్న ప్రశ్న అందులో లేదు. డిటర్మినర్ల ప్రశ్న లెక్కపెట్టే నౌన్ల మీద నడుస్తుంది, పొంతన ప్రశ్న ‘పొలీస్’, ‘ఫర్నిచర్’ లాంటి మాటల మీద నడుస్తుంది. కింది తరగతుల్లో నిర్వచనాలు అడుగుతున్నారంటే ఆ ప్రశ్నాపత్రం బడి తయారుచేసుకున్నదే, బడే మార్చుకోవచ్చు.

‘పరాయి భాష కనుక సూత్రం విడమర్చి చెప్పక తప్పదు’ అన్నది రెండోది. ఒప్పుకోవాల్సిన మాటే. 1963లో అమెరికాలో బ్రాడాక్, ఆయన సహచరులు వెలువరించిన నివేదిక, సంప్రదాయ వ్యాకరణ బోధన పిల్లల రాతను బాగుచేయదని, రాయించే సమయాన్ని తినేసి చెరుపు కూడా చేయొచ్చని తేల్చింది. అది ఎక్కువగా ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లల సంగతి కనుక దాన్ని ఉన్నదున్నట్టు మనకు అంటగట్టడం సరికాదు. రెండో భాష నేర్చుకునేవాళ్ల మీద జరిగిన 49 అధ్యయనాలను నోరిస్, ఒర్టెగా 2000లో కలిపి చూసినప్పుడు, విడమర్చి చెప్పిన బోధనే ఎక్కువ ఫలితం ఇచ్చిందని తేలింది. అయితే ఆ బోధన ఒక ప్రయోగాన్ని తీసుకుని, అది ఎలా పనిచేస్తుందో చూపి, వాడించేది. రకాల పేర్లు అప్పజెప్పించడాన్ని ఆ ఫలితం సమర్థించదు. సూత్రం కావాలన్నవాళ్లు ముందుగా వదులుకోవాల్సింది సూత్రం కాని జాబితానే.

‘మూడు భాషలు కలిపితే పిల్లలు గందరగోళ పడతారు’ అన్నది మూడోది. పైన చూసిన ఉదాహరణలే దీనికి సమాధానం. ‘ఈజ్’ దగ్గర హిందీ సాయపడింది, ‘డిడ్ నాట్ కమ్’ దగ్గర తెలుగు సాయపడింది, ‘స్టాప్’ దగ్గర రెండూ సాయపడ్డాయి. భాషలు ఎలాగూ పిల్లవాడి తలలో కలిసే ఉంటాయి. వాటిని వెలుతురులో పెట్టి పోల్చకపోతే చీకట్లో అవే తప్పులు పుట్టిస్తాయి. తెలుగును తరగతి గది బయట నిలబెట్టిన బడి, ఇంగ్లీషు నేర్పడానికి తన చేతిలో ఉన్న మంచి పనిముట్టును బయట పారేసినట్టే.

ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి జనక్‌పురిలోనూ ఉంది. తెలుగు తెలిసిన టీచర్లు, తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే కప్పు కింద కలిసే ఇలాంటి చోట్ల ఈ పని మొదలుకావాలి. తెలుగు టీచరు, ఇంగ్లీషు టీచరు కలిసి కూర్చుని ‘రాలేదు’, ‘డిడ్ నాట్ కమ్’ ఒకే బోర్డు మీద రాస్తే చాలు. దానికి కొత్త పుస్తకమూ అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. తల్లిదండ్రులకూ ఒక మాట: పిల్లవాణ్ని నౌన్లు ఎన్ని రకాలని అడగడం మానండి. పాలు పొంగాయన్న మాటను ఇంగ్లీషులో చెప్పమని అడగండి, ఎందుకలా చెప్పాడో అడగండి. వాక్యాన్ని మార్చని రకాలను నోట్‌బుక్కుల్లోంచి కొట్టేయాలి. వాక్యాన్ని మార్చే రకాలను పిల్లల తెలుగు పక్కన పెట్టి నేర్పాలి. అది తప్ప ఇంగ్లీషుకు మరో పునాది లేదు.